వరసలో నిలబడితే ఆట వస్తుందా?

ఒక చిన్న లెక్క వేద్దాం. కాగితం, పెన్ను అక్కర్లేదు.

గ్రౌండ్‌లో 20 మంది పిల్లలు, ఒక ఫుట్‌బాల్. ఆరు కోన్లు వరసగా పెట్టారు. ఒక్కొక్కరూ బాల్‌ని కాలితో తోసుకుంటూ కోన్ల మధ్య మెలికలు తిరిగి వెళ్లాలి, గోల్‌లోకి కొట్టాలి, పరిగెత్తుకుంటూ వచ్చి వరస చివర నిలబడాలి. ఒక్కొక్కరికి 15 సెకన్లు పడుతుందనుకుందాం. 20 మందికి 5 నిమిషాలు. అంటే గంటలో ఒక్కొక్కరికి 12 ఛాన్సులు. పన్నెండు పదిహేన్లు 180 సెకన్లు, అంటే మూడు నిమిషాలు. మరి మిగతా 57 నిమిషాలు పిల్లలు ఏం చేస్తున్నట్టు? ముందున్నవాడి వీపు చూస్తున్నట్టు.

మా ఆఫీసులో ఏదైనా సర్వర్ గంటలో మూడు నిమిషాలే పనిచేసి మిగతా టైమంతా ఖాళీగా ఉంటే, మేనేజర్ మెయిల్ మీద మెయిల్ పెడతాడు. పిల్లల ఆటల దగ్గరికొచ్చేసరికి మాత్రం దాన్నే మనం కోచింగ్ అంటాం. ఫీజు కట్టి, ఫోటో తీసి, స్టేటస్ కూడా పెట్టుకుంటాం.

నేనుండేది తార్నాకలో. సోమవారం నుంచి శుక్రవారం వరకు మెట్రో ఎక్కి రాయదుర్గం వెళ్లి కోడ్ రాసుకుంటాను. ఆదివారం పొద్దున మాత్రం నడుచుకుంటూ ఉస్మానియా క్యాంపస్‌లోకి వెళ్తాను. అక్కడ ఓ ఖాళీ జాగాలో, రిటైరైన ఒక పీఈటీ సార్ పిల్లలకి ఉచితంగా ఫుట్‌బాల్ నేర్పిస్తారు. నేను ఆయనకి సాయం. సాయం అంటే పెద్దగా ఏమీ లేదు. కోన్లు పెట్టడం, బాల్స్‌కి గాలి కొట్టడం, పొదల్లోకి పోయిన బాల్ వెతకడం, మధ్యలో వాకింగ్‌కి వచ్చిన అంకుల్స్‌కి తగలకుండా చూడటం.

వచ్చే పిల్లలు రెండు రకాలు. కొందరు హబ్సిగూడ, తార్నాక ఫ్లాట్ల నుంచి నాన్న కారులో దిగుతారు. కాళ్లకి స్టడ్స్, చేతిలో వాటర్ బాటిల్. ఇంకొందరు క్యాంపస్ చుట్టుపక్కల బస్తీల నుంచి, లాలాగూడ వైపు నుంచి నడిచొస్తారు. చెప్పులు వేపచెట్టు కింద విడిచి ఒట్టి కాళ్లతో దిగుతారు. ఆట మొదలయ్యాక ఈ తేడా పది నిమిషాల్లో పోతుంది. వరసలో నిలబెడితే మాత్రం పోదు. పక్కవాడి బూట్లు చూడటానికి బోలెడంత టైముంటుంది కదా!

ఈ గుంపులో పదకొండేళ్ల అమ్మాయి ఒకతి ఉంది. వాళ్లమ్మ ఓ హాస్టల్లో వంటకి వెళ్తుంది. ఆదివారం తమ్ముణ్ని చూసుకునే డ్యూటీ ఈ పిల్లది. వాడికి ఐదేళ్లు. వాణ్ని చంకనేసుకుని వచ్చి, చెట్టు కింద కూర్చోబెట్టి ఆడుతుంది. ఒకరోజు ప్రాక్టీస్ అయ్యాక మెల్లగా వచ్చి చెప్పింది.

"అన్నా, వచ్చే వారం కెళ్లి రాను."

"ఎందుకు?"

"ఇంట్ల పనుంది."

"ఇన్నాళ్లు లేని పని ఇప్పుడెక్కడిది?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అసలు సంగతి చెప్పింది. "ఈడొచ్చి నిలవడుడే గదన్నా. గదేదో ఇంట్లనే నిలవడ్తే అమ్మ తిట్టదు."

నాకు ఆ మాట రెండు రోజులు చెవుల్లోనే ఉంది. ఫ్లాట్ నుంచి వచ్చే పిల్లాడికి ఇది బోర్ కొడితే స్కేటింగ్ ఉంది, స్విమ్మింగ్ ఉంది, ఇంట్లో ప్లేస్టేషన్ ఉంది. ఈ అమ్మాయికి ఆ గంట ఊరికే రాలేదు. ఇంట్లో అడిగి, బతిమాలి, పొద్దున్నే గిన్నెలు తోమి తెచ్చుకున్న గంట అది. అందులో 57 నిమిషాలు వీపులు చూడటానికి పోతే, ఆ గంట కోసం అమ్మతో ఎందుకు వాదించాలి? పైగా ఆడపిల్ల. పన్నెండు, పదమూడు వచ్చాక "ఇంకా ఆటలేంటి" అనేవాళ్లు ఎలాగూ ఉంటారు. వాళ్ల పని మనం ముందే చేసిపెట్టడం దేనికి?

సార్‌తో మాట్లాడాను. సార్ కోపిష్టి కాదు. ఆయన నమ్మకం ఆయనది.

"వరస లేకుంటే క్రమశిక్షణ ఎట్లొస్తది బేటా? ముందు కాలికి బాల్ అలవాటు కావాలె. పునాది లేకుండ గోడ కడ్తవా?"

మంచి ప్రశ్నే. సమాధానం కూడా మంచిదే ఉండాలి. నాకు దొరికిన మొదటి సమాధానం అమెరికాలోనో, జర్మనీలోనో లేదు. మన ఉస్మానియా పాత విద్యార్థి దగ్గరే ఉంది.

సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో అజయ్ దేవగణ్ హీరోగా వచ్చిన 'మైదాన్' సినిమా చూసినవాళ్లకి గుర్తుంటారు. 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివారు, ఇక్కడే ఫుట్‌బాల్ ఆడారు, తర్వాత బడిపంతులయ్యారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయి, 1963లో క్యాన్సర్‌తో చనిపోయేదాకా ఆ పనిలోనే ఉన్నారు. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ టీం 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే ఇండియా 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్‌కి చేరిన మొదటి ఆసియా జట్టు మనదే.

ఇవన్నీ తెలిసిన సంగతులే. నాకు ఆసక్తి అనిపించింది వేరే. రహీం సాబ్ హైదరాబాద్‌లో విచిత్రమైన టోర్నమెంట్లు పెట్టేవారు. ఒక దాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం. బాల్ కాలికి తగిలిందంటే వెంటనే ఇంకొకరికి ఇచ్చేయాలి, తోసుకుంటూ పోకూడదు. ఇంకో దాంట్లో బలంలేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం వాళ్లు ఎడమకాలితో, ఎడమకాలి వాటం వాళ్లు కుడికాలితో!

ఇందులో తెలివి ఎక్కడుందో చూడండి. ఆటగాడికి పాస్ ఇవ్వడం అలవాటు కావాలనుకుంటే మామూలు కోచ్ ఏం చేస్తాడు? గట్టు మీద నిలబడి "పాస్ ఇవ్వరా, పాస్ ఇవ్వరా" అని గొంతు చించుకుంటాడు. రహీం సాబ్ రూల్ మార్చారు. ఇక ఎవరూ అరవక్కర్లేదు. డ్రిబ్లింగ్ లేదు కాబట్టి బాల్ రాకముందే అటూ ఇటూ చూసి, ఎవరికివ్వాలో తేల్చుకోవాలి. మిగతా పదిమందీ పాస్ అందుకునే చోటుకి పరిగెత్తాలి. చెప్పాల్సిన పాఠం మొత్తం ఆ ఒక్క రూల్ చెప్పేసింది. పైగా అది డ్రిల్లు కాదు, టోర్నమెంటు. గెలుపోటములున్నాయి, చూసే జనం ఉన్నారు. అంటే ఆటలో ఉన్న మజా ఎక్కడా పోలేదు.

1962 జకార్తా ఫైనల్‌లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచిన రోజు గోల్స్ కొట్టింది పీకే బెనర్జీ, జర్నైల్ సింగ్. జర్నైల్ అసలు డిఫెండర్. గాయంతో ఉన్న అతన్ని రహీం సాబ్ ఫార్వర్డ్‌గా దించారు. ఆ జట్టులో మన సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం కూడా ఉన్నాడు. గ్రౌండ్‌కి రావడానికి డబ్బుల్లేవంటే బలరాంకి రహీం సాబ్ సైకిల్ ఏర్పాటు చేశారని చెప్తారు. ఆట నేర్పడమంటే పిల్లాడు గ్రౌండ్‌కి ఎలా వస్తున్నాడో, ఎందుకు మానేస్తున్నాడో కూడా చూడటమే అని నాకు ఆ సైకిల్ సంగతి విన్నాకే అర్థమైంది.

రహీం సాబ్ పేరెత్తగానే సార్ మెత్తబడ్డారు. కానీ లొంగలేదు. "ఆయన దగ్గరికొచ్చింది ఆట వచ్చినోళ్లు. వీళ్లు పోరగాండ్లు" అన్నారు.

సరే, పిల్లల సంగతే చూద్దాం. మా పెద్దమ్మ కూతురు టొరంటో దగ్గర ఉంటుంది. వాళ్లబ్బాయికి ఏడేళ్లు, ఐస్ హాకీ పిచ్చి. మంచు గట్టిగా గడ్డకట్టిన రింక్ మీద స్కేట్లు కట్టుకుని ఆడే ఆట. అక్క వీడియోలు పంపిస్తుంటుంది. పొద్దున ఆరింటికి వాణ్ని లేపి, హెల్మెట్, ప్యాడ్లు, గ్లవ్స్ తొడిగి, కారులో తీసుకెళ్లడం చూస్తే మన ఎప్‌సెట్ కోచింగ్ పిల్లలే నయమనిపిస్తుంది. అక్కడ రింక్ గంట అద్దె కూడా తక్కువేం కాదు. అందుకే టైము వృథా చేయడం వాళ్లకి అస్సలు గిట్టదు.

ఆ వీడియోల్లో నాకు వింతగా కనిపించింది ఏంటంటే, పిల్లలు రింక్ పొడవునా ఆడటం లేదు. అంతర్జాతీయ రింక్ దాదాపు 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. దాన్ని అడ్డంగా ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో కొద్దిమంది పిల్లలతో చిన్న చిన్న ఆటలు పెట్టేశారు. ఇదేంటని వెతికితే తెలిసింది. అమెరికా ఐస్ హాకీ సంఘం 2009లో పిల్లల శిక్షణ పద్ధతినే మార్చేసింది. ఎనిమిదేళ్ల లోపువాళ్లకి పూర్తి రింక్ వద్దంది. వాళ్లాడే పక్ కూడా మార్చింది. మామూలు నల్ల పక్ బరువు 6 ఔన్సులు, పిల్లలకిచ్చే నీలం పక్ 4 ఔన్సులే. కెనడా వాళ్లు కూడా చిన్న పిల్లలకి రింక్ తగ్గించే దారిలోకే వచ్చారు.

మొదట్లో అక్కడి తల్లిదండ్రులు గొడవ చేశారు. "మా వాడు నిజమైన హాకీ ఆడొద్దా?" అని. కానీ లాజిక్ చూడండి. ఏడేళ్ల పిల్లాడికి 60 మీటర్ల రింక్ అంటే, మనల్ని తార్నాక చౌరస్తా నుంచి మెట్టుగూడ దాకా గ్రౌండ్ వేసి ఆడమన్నట్టు. గట్టిగా పరిగెత్తే ఒక్కడికే పక్ దొరుకుతుంది. మిగతావాళ్లు వాడి వెనకాల పరిగెత్తడమే నేర్చుకుంటారు. జాగా చిన్నదైతే పక్ అందరి దగ్గరికీ వస్తుంది. ప్రతి రెండు మూడు సెకన్లకీ ఏదో ఒకటి తేల్చుకోవాలి. కొట్టాలా, ఇవ్వాలా, తిరగాలా, ఆగాలా?

జర్మనీ ఫుట్‌బాల్ సంఘం కూడా ఇదే దారి పట్టింది. 2024-25 సీజన్ నుంచి అక్కడ చిన్న పిల్లలకి చిన్న గ్రౌండ్లు, చిన్న జట్లు తప్పనిసరి.

మా గ్రౌండ్‌కి ఈ లెక్క కట్టి చూశాను. 20 మందిలో 12 మందితో ముగ్గురు-ముగ్గురు ఆటలు రెండు, మిగతా 8 మందితో నలుగురు-నలుగురు ఆట ఒకటి. బయట ఎవరూ లేరు. గంటలో నీళ్లకీ, గొడవలకీ, పొదల్లో బాల్ వెతకడానికీ 20 నిమిషాలు తీసేద్దాం. వరస లెక్కలో ఇవి తీయలేదు, గుర్తుపెట్టుకోండి. మిగిలిన 40 నిమిషాల్లో ఆరుగురికి ఒక బాల్ అంటే, ఒక్కొక్కరి వాటా ఆరు నిమిషాల పైమాటే. వరసలో వచ్చిన దానికి రెట్టింపు. బాల్ మన దగ్గర లేనప్పుడు కూడా ఊరికే ఉండం. పరిగెత్తాలి, అడ్డుకోవాలి, ఖాళీ వెతుక్కోవాలి. వీపులు చూసే పని లేదు.

ఇక సార్ అడిగిన పునాది సంగతి. దీనికి నాకు నచ్చిన సమాధానం బ్యాడ్మింటన్‌లో ఉంది. 1986లో అమెరికాలో గూడ్, మెగిల్ అనే ఇద్దరు పరిశోధకులు, ఆట కొత్తగా నేర్చుకునే అమ్మాయిలకి మూడు రకాల సర్వీసులు నేర్పించారు. ఒక గుంపు ఒక్కో రకాన్ని విడిగా, వరసగా సాధన చేసింది. ఇంకో గుంపు మూడింటినీ కలగాపులగంగా చేసింది. తర్వాత పరీక్ష పెడితే కలగాపులగంగా నేర్చుకున్నవాళ్లకే ఎక్కువ గుర్తుంది. అలవాటులేని రెండోవైపు కోర్టు నుంచి కొట్టమన్నా వాళ్లే బాగా కొట్టారు.

ఎందుకంటే, ఒకే పని మళ్లీ మళ్లీ చేస్తుంటే నాలుగోసారికి బుర్ర నిద్రపోతుంది. చెయ్యి కదులుతుంటుంది, అంతే. ప్రతిసారీ వేరే పని వస్తే బుర్ర ప్రతిసారీ మొదటి నుంచి ఆలోచించాలి. అప్పటికి కష్టంగానే ఉంటుంది, తప్పులు ఎక్కువొస్తాయి. నేర్చుకున్నది నిలిచేది మాత్రం అలాగే.

రష్యా శాస్త్రవేత్త నికొలాయ్ బెర్న్‌స్టీన్ వందేళ్ల క్రితమే ఇంకో సంగతి గమనించాడు. ఆరితేరిన పనివాడు సుత్తితో కొట్టేటప్పుడు కెమెరాతో తీసి చూశాడు. సుత్తి ప్రతిసారీ సరిగ్గా తగలాల్సిన చోటే తగులుతోంది. కానీ భుజం, మోచేయి, మణికట్టు కదిలిన తీరు ఏ రెండు దెబ్బల్లోనూ ఒక్కలా లేదు. అంటే పనితనం అంటే ఒకే కదలికని అచ్చుగుద్దినట్టు మళ్లీ చేయడం కాదు. పరిస్థితి మారినా పని అయ్యేలా చూసుకోవడం. మన ఊళ్లో కమ్మరి కొలిమి దగ్గర కాసేపు కూర్చున్నా ఇది తెలుస్తుంది. కోన్ ఎప్పుడూ ఉన్నచోటే ఉంటుంది, బాల్ లాక్కోవడానికి రాదు. కోన్ల మధ్య తిరగడం బాగా వచ్చినవాడికి వచ్చింది కోన్ల మధ్య తిరగడమే.

సార్ చాలాసేపు విని, "సరే, నీ ముచ్చట చూద్దాం. మొదటి పది నిమిషాలు మాత్రం నావి" అన్నారు. బేరం కుదిరింది.

ఏ ఆటలు పెట్టాలి? ఇంటర్నెట్ నిండా ఐస్ హాకీ, ఫుట్‌బాల్ డ్రిల్లులు ఉన్నాయి. వాటి పేర్లు చెప్తే మా పిల్లలు నోరు తెరిచి చూస్తారు. వాళ్లకి ముందే వచ్చిన ఆటలు బోలెడు ఉండగా కొత్తవెందుకు? మన బస్తీ ఆటలకే బాల్ తగిలించాం.

మొదటిది దొంగ-పోలీస్. నాలుగు కోన్లతో ఓ చదరం. బాల్ ఉన్నవాళ్లు దొంగలు, లేనివాళ్లు పోలీసులు. పోలీసు ఎవరి బాల్ లాక్కుంటే వాళ్లు పోలీసవుతారు. మా దగ్గర అసలైన ఫుట్‌బాల్స్ ఆరే ఉన్నాయి. మిగతావి సైకిల్ షాపు పక్కన దొరికే ప్లాస్టిక్ బాల్స్. ఇందులో ముఖ్యమైన సంగతి, ఎవరూ ఔట్ కారు. ఔటయ్యే ఆటల్లో మొదట బయటికి పోయేది ఎవరు? సరిగ్గా ఆడరానివాడే. అంటే ఎవరికి ప్రాక్టీస్ ఎక్కువ కావాలో వాణ్నే గట్టున కూర్చోబెడతాం. రేషన్ షాపులో ఉన్నోడికి రెండు బస్తాలు, లేనోడికి చీటీ ఇచ్చినట్టు.

రెండోది నాలుగు స్తంభాలాట. నాలుగు మూలల నలుగురు, మధ్యలో ఒకరు. మామూలు ఆటకి ఒక్క రూల్ కలిపాం. మూలల్లో ఉన్నవాళ్లు బాల్ పాస్ ఇచ్చుకోవాలి. ఎవరు పాస్ ఇస్తే వాళ్లు వెంటనే ఇంకొకరితో స్తంభం మార్చుకోవాలి. ఆ ఖాళీలోకి మధ్యలోవాడు దూరిపోవచ్చు. పాస్ ఇచ్చి అక్కడే బొమ్మలా నిలబడిపోవడం అనేది పిల్లలందరికీ ఉండే అలవాటు. ఎంత చెప్పినా పోదు. ఈ ఆటలో నిలబడితే కుదరదు. పైగా ఎవరితో మార్చుకోవాలో నోటితో చెప్తే మధ్యలోవాడు వింటాడు. కాబట్టి తలెత్తి, కళ్లతో సైగ చేసుకోవాలి. తల దించుకుని బాల్‌నే చూసే పిల్లలు, ఎవరూ చెప్పకుండానే తలెత్తడం మొదలుపెట్టారు.

మూడోది ఏడు పెంకులాట. మా పిల్లలకి అన్నింటికంటే ఇదే ఇష్టం. ఏడు చపటా రాళ్లు ఒకదాని మీద ఒకటి పెట్టాలి. ఒక టీం బాల్‌తో కొట్టి పడగొడుతుంది. పడగొట్టినవాళ్లు రాళ్లు మళ్లీ పేర్చాలి. అంతలోపు రెండో టీం తమలో తాము ఐదు పాస్‌లు పూర్తి చేయాలి. ముందు ఎవరి పని అయితే వాళ్లది పాయింటు. పేర్చే టీంలో ముగ్గురున్నారనుకోండి. ముగ్గురూ పేరిస్తే అవతలివాళ్లు హాయిగా పాస్‌లు ఇచ్చుకుంటారు. ఒకరే పేర్చి ఇద్దరు బాల్ కోసం పరిగెడితే, పేర్చడం ఆలస్యమవుతుంది. ఏది మంచిది? ఎవరూ చెప్పరు, వాళ్లే తేల్చుకోవాలి. ఆట నడుస్తుండగానే "నువ్వు పేర్చు, మేం ఆపుతం" అని అరుపులు. పెద్ద మ్యాచుల్లో కోచ్‌లు వ్యూహం అనే పేరుతో చెప్పేది ఇదే కదా!

పాస్‌లు లెక్కపెట్టే పని ఆ అమ్మాయి తమ్ముడికి ఇచ్చాం. వాడు చెట్టు కింద నుంచి లేచి వచ్చి, గొంతు చించుకుని "ఒకటీ... రెండూ..." అంటాడు. మొదట్లో మూడు తర్వాత ఐదు అనేవాడు. దాని మీద రెండు జట్లూ కలిసి వాడితో పోట్లాడాయి. ఇప్పుడు వాడు నాలుగు మర్చిపోడు.

పిల్లలు ఊరుకోరు సుమా. సాఫ్ట్‌వేర్‌లో ఒక ఫీచర్ రిలీజ్ చేయగానే యూజర్లు దాని లొసుగు కనిపెట్టినట్టే, ఐదు పాస్‌ల రూల్ పెట్టిన పది నిమిషాల్లో ఇద్దరు పిల్లలు జానెడు దూరంలో నిలబడి టకటకా ఐదుసార్లు తట్టేశారు. వాడి లెక్కా అయిపోయింది, పాయింటూ వచ్చింది. అవతలి జట్టు లబోదిబోమంది. "ఏం చేద్దాం మరి?" అని వాళ్లనే అడిగాం. కాసేపు తర్జనభర్జన పడి, పాస్ ఇచ్చేవాడికీ అందుకునేవాడికీ మధ్య కనీసం ఐదడుగుల దూరం ఉండాలని వాళ్లే తీర్మానం చేశారు. సొంతంగా పెట్టుకున్న రూలు కదా, దాన్ని తప్పితే ఒకరినొకరు వదలరు. సార్ అడిగిన క్రమశిక్షణ అక్కడ కనిపించింది నాకు.

ఇంట్లోనో, అపార్ట్‌మెంట్ కిందనో, ఊళ్లో బడి గ్రౌండ్‌లోనో మీరూ పిల్లలకి ఏదైనా ఆట నేర్పుతుంటే, మీ చేతిలో ఐదు మీటలు ఉన్నాయనుకోండి. జాగా, జనం, బాల్, పాయింట్లు, టైము. ఆట మరీ సులువుగా ఉంటే జాగా తగ్గించండి. మరీ కష్టంగా ఉంటే పెంచండి, లేదా ఒక జట్టుకి ఒక మనిషిని ఎక్కువివ్వండి. చిన్న పిల్లలైతే చిన్న బాల్, తేలిక బాల్ ఇవ్వండి. ఏదైనా అలవాటు కావాలంటే దానికి రెండు పాయింట్లు పెట్టండి. ఒక జట్టు మరీ గెలిచేస్తుంటే టైము తగ్గించి జట్లు మార్చేయండి. ఒకసారికి ఒక్క మీటే తిప్పండి. అన్నీ ఒకేసారి తిప్పితే దేనివల్ల ఏమైందో తెలియదు. మేం ఆఫీసులో బగ్ వెతికే పద్ధతీ ఇదే.

ఇదంతా చదివి, వరస డ్రిల్లులు పూర్తిగా దండగ అనుకోకండి. సార్ పది నిమిషాలు నాకు చాలా నేర్పాయి. కింద పడితే ఎలా పడాలి, ఎదుటివాడి కాలు విరగకుండా బాల్ ఎలా లాక్కోవాలి, గోల్‌కీపర్ చేతులు ఎలా పెట్టాలి... ఇవి ఆటలో నేర్చుకుంటూ దెబ్బలు తగిలించుకోవాల్సినవి కావు. విడిగా, నెమ్మదిగా చెప్పాల్సినవే. ఇప్పుడు సార్ ఆ పది నిమిషాల్లో పిల్లల్ని ఇద్దరిద్దరిగా విడదీస్తారు. వరస మాత్రం పెట్టడం లేదు. అదేంటి సార్ అంటే, "వరసల నిలవెడ్తే వాళ్ల కండ్లు పెంకుల మీదనే ఉంటున్నయ్" అంటారు.

దీనికి మూల్యం కూడా ఉంది. చూసేవాళ్లకి మా గ్రౌండ్ ఇప్పుడు సంతలా ఉంటుంది. అరుపులు, దుమ్ము, రాళ్లు, ప్లాస్టిక్ బాల్స్. కారులో కొడుకుని తెచ్చే ఒకాయన రెండు వారాలు చూసి, "ఇక్కడ కోచింగ్ ఏమీ లేదండీ, ఊరికే ఆడుకుంటున్నారు" అని పిల్లాణ్ని ఫీజు కట్టే అకాడమీలో చేర్చారు. ఆయన్ని తప్పుపట్టను. వరసగా నిలబడ్డ పిల్లలు, విజిల్, యూనిఫాం చూస్తే ఏదో నేర్పుతున్నట్టే ఉంటుంది. ఆ అబ్బాయి వెళ్లేటప్పుడు ఏడు పెంకుల వైపు చూసుకుంటూ వెళ్లాడు. అది మాత్రం కష్టంగా అనిపించింది.

అందుకే తల్లిదండ్రులకి ఓ చిన్న పని చెప్తాను. మీ పిల్లలు ఏ ఆట నేర్చుకుంటున్నా సరే, ఈసారి వెళ్లినప్పుడు ఫోన్‌లో రీల్స్ ఆపి స్టాప్‌వాచ్ తీయండి. పది నిమిషాలు మీ పిల్లని మాత్రమే చూడండి. ఎన్నిసార్లు బాల్ తగిలింది? ఎంతసేపు నిలబడింది? ఎన్నిసార్లు తనంతట తను ఏదో ఒకటి తేల్చుకుంది? నిలబడ్డదే ఎక్కువైతే కోచ్‌ని మర్యాదగా అడగండి. పోట్లాటకి దిగొద్దు. చాలామంది కోచ్‌లు తమకి నేర్పినట్టే నేర్పుతున్నారు. ఒక్క గ్రౌండ్, 40 మంది పిల్లలు, ఒక్క మనిషి ఉంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? మీలో ఇద్దరు వెళ్లి కోన్లు పెట్టే పని అందుకుంటే, ఒక పెద్ద వరస నాలుగు చిన్న ఆటలవుతుంది.

ఆ అమ్మాయి మానలేదు. అలాగని ప్రతి వారం రాదు. వాళ్లమ్మకి పని ఎక్కువున్న వారం రాలేదు, జ్వరమొచ్చిన వారం రాలేదు. పోయిన ఆదివారం మాత్రం అందరికంటే ముందొచ్చి రాళ్లు ఏరుతూ కనిపించింది. కొత్త రూలు ఒకటి ఆలోచించుకుని వచ్చిందట. "అన్నా, ఎడమ కాలుతోని కొట్టి పడగొడ్తే రెండు పాయింట్లు పెడ్దమా? అందరు కుడికాలుతోనే కొడ్తున్నరు, మస్తు ఈజీ అయింది."

రహీం సాబ్ సంగతి ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. నేను సార్ వైపు చూశాను. సార్ జేబులోంచి విజిల్ తీసి, ఊదకుండా దాని చేతిలో పెట్టారు.

"నీ రూలు. నువ్వే చెప్పు వాళ్లకి."